ఆయుధపూజకు కడిగిన కప్ప

నేను ఏడో తరగతి తర్వాత నేరుగా డిగ్రీ కాలేజీలో చేరాను. అటెండరుగా. ఈ మాటతో చాలామందిని నవ్వించాను, మొదట్లో నేనూ నవ్వేవాణ్ణి. పద్దెనిమిదేళ్ళు అదే మాట చెప్పాక దవడలు నొప్పి పెడుతున్నాయి తప్ప నవ్వు రావడం లేదు.

తిరుపతి ఊరి చివర కాలేజీ అది. అందులో రాళ్ళ చదువు చెప్పే విభాగం ఒకటి ఉంది. భూగర్భశాస్త్రం అనాలట. నేను తుడిచేది రాళ్ళు కాబట్టి రాళ్ళ చదువనే అంటాను. గుమ్మం మీద మ్యూజియం అని బోర్డు పెట్టిన పొడవాటి గది, గోడల వెంట గాజు తలుపుల బీరువాలు, వాటి నిండా రాళ్ళు. పొద్దున తాళం తీయడం, దుమ్ము దులపడం, ఆ చదువు చెప్పే సార్‌కు టీ తేవడం, స్కూలు పిల్లలు చూడ్డానికి వస్తే గాజులు పగలకుండా కాపలా కాయడం. ఇంత తక్కువ పనికి మనిషి ఇంతగా ఎట్లా అలసిపోతాడని నా భార్య అడుగుతుంది. ఆమె శ్రీసిటీలో ఫ్యాక్టరీకి పోతుంది. కంపెనీ బస్సులో పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు, మధ్యలో ఎనిమిది గంటలు నిలబడి పని. ఆమె అడిగితే నేనేం చెప్పగలను? ఫ్యాన్ కింద స్టూలు మీద కూర్చుని అలసిపోవడం ఎవరికీ చెప్పుకోలేని రోగం.

గది మధ్యలో బల్ల మీద ఒక చిన్న గాజు పెట్టె ఉండేది. అందులో అరచేయంత నల్లటి రాతి పలక. పలక మీద బొటనవేలంత కప్ప. కప్ప అంటే కప్ప ఎముకలు, ఎవరో చెప్పు కాలితో తొక్కి పోయినట్టు చదునుగా, కాళ్ళు చాపుకుని. దాని పేరు ఇండోబాట్రాకస్. ఆ పేరు నోటికి పట్టడానికి నాకు వారం పట్టింది. పట్టిన తర్వాత సార్ తీరిగ్గా చెప్పారు, ఇండియా కప్ప అని దానికి అర్థమట. ఈ ముక్క ముందే చెబితే వారం మిగిలేది.

ఆ జాతి కప్ప ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదు. బతికి ఆరు కోట్ల ఏళ్ళ పైమాటే అంటారు. బొంబాయి కొండల్లో ఒక లావా పొర చల్లారి, దాని మీద ఇంకో పొర వచ్చి పడేలోపు అక్కడక్కడా నీళ్ళు నిలిచేవట. ఆ నీళ్ళలో కాపురం చేసిన కప్పలు ఇవి. మా సార్ చదువుకునే రోజుల్లో బొంబాయి పోయి, ఏదో బిల్డింగు పునాదికి తవ్వి పోసిన రాళ్ళ కుప్పలో దీన్ని ఏరుకున్నారు. లుంగీలో చుట్టి, తిరుపతి దాకా రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు.

"పెండ్లయినాక అమ్మగారిని గూడా ఇంత జాగర్తగా తీసకచ్చింటారా సార్?" అని నేనడిగితే, "మా ఇంటామె ఇన్నాదంటే నిన్ను గూడా ఈ బీరువాలో పెట్టి తాళం ఏస్తాది" అన్నారు.

స్కూలు పిల్లలొస్తే నేను చెప్పే పద్ధతి వేరుగా ఉండేది. "ఇది మీ హెడ్‌మాస్టరు కంటే సీనియర్. ఆరు కోట్ల ఏండ్ల సర్వీసు. ఇంకా పర్మనెంట్ కాలే." పిల్లలు పడి పడి నవ్వేవాళ్ళు. లోపలి గదిలోంచి సార్ గొంతు వినబడేది. "పిల్లోల్లకు తప్పుడు మాటలు చెప్పద్దప్పా. పరీక్షలో రాసి పెడతారు." ఒకసారి మనవడి అడ్మిషన్ కోసం వచ్చిన ముసలామె ఎండకు లోపలికి వచ్చి, గాజు పెట్టె చూసి, చెప్పులు బయట విడిచి వచ్చింది. "ఏం సామి నాయనా ఈడ?" అంది. "కప్ప సామి అవ్వా" అన్నాను. ఆమె లెంపలు వేసుకుని, పావలా బిళ్ళంత కర్పూరం ఉంటే వెలిగిస్తానంది. ఆపేసరికి నా ప్రాణం పోయింది.

ఇట్లాంటి కప్పలు అంతకు ముందే చాలామందికి దొరికాయి, పేరు పెట్టిందీ వేరేవాళ్ళే. అయితే తనది వాటిలోనే ఒక వేరే రకమని సార్ నమ్మకం. దానికి ఆధారమంతా నడుము దగ్గర ఉండేది. కప్పకు నడుము పూస నుంచి రెండు పక్కలా రెక్కల్లాగా రెండు చిన్న ఎముకలు పోతాయి. తన కప్పకు ఆ ఎముక కొస మిగతావాటి కంటే ఎక్కువగా విచ్చుకుని, గొడ్డలి మాదిరి ఉందని ఆయన అనేవారు. ఎడమ పక్క ఎముక రాతి లోపలే ఉండిపోయింది. కుడి పక్కది బయటికి కనబడేది గానీ చుట్టూ రాతి మట్టి పట్టి ఉండేది. ఆ మట్టిని సూదితో, రవ్వ రవ్వగా తీసి చూపిస్తే తన మాట నిలబడుతుంది. ముప్పై ఏళ్ళుగా ఆయన చేయాలనుకున్న పని అదొక్కటే. మొదట మంచి మైక్రోస్కోపు లేదు. అది వచ్చేసరికి అమ్మగారి ఆపరేషన్లు. అవి ముగిసేసరికి సార్ కళ్ళలో పొరలు. రిటైరయిన నెలలోనే కంటి ఆపరేషన్ చేయించుకుని, ఆ తర్వాత సూది పట్టుకోవాలని అనుకున్నారు. పలకను ఇంటికి తీసుకుపోవడానికి కాలేజీ నుంచి కాగితం కూడా రాయించుకున్నారు. కొత్త రకానికి పేరు కూడా అనుకున్నారట.

"నా పేరు పెట్టండి సార్."

"నడుముకు సంబంధించిన సంగతప్పా ఇది. నీకు వంగేదే ల్యా గదా."

ఆయన రిటైరయ్యేది ఆ ఏడు దసరా నెలాఖరుకే. రాళ్ళ చదువుకు పిల్లలు రావడం మానేసి చాలా కాలమైంది. ఆ ఏడు చేరిన నలుగురిలో ఒకడు కంప్యూటర్ కోర్సనుకుని సంతకం పెట్టాడు. సార్ పోగానే గదిని కంప్యూటర్ ల్యాబు చేస్తామన్నారు, రాళ్ళు పెట్టెల్లో సర్ది స్టోర్ రూముకు. నన్నెక్కడ సర్దుతారో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే గుర్తొస్తానని భయం.

మా కాలేజీలో ఆయుధపూజ, దసరా సెలవులకు ముందురోజే చేస్తారు. ఆఫీసులో టైపు మిషను దగ్గర్నుంచి బస్సు టైర్ల దాకా అన్నింటికీ గంధం, కుంకుమ, బంతిపూలు. మా గదిలో సుత్తులకు, మైక్రోస్కోపుకు, బీరువాలకు నేను బొట్లు పెట్టేవాణ్ణి. రాళ్ళను ఏటా బకెట్లో వేసి కడిగేవాణ్ణి. పూజ రోజున గాజు పెట్టె జోలికి మాత్రం నేను పోయేవాణ్ణి కాదు, దాని కొయ్య చట్రానికి సారే స్వయంగా బొట్టు పెట్టేవారు. ఆ ఏడు పెన్షన్ కాగితాల పని మీద ఆయన చిత్తూరు పోయారు. గదిలో నేనొక్కణ్ణే.

ఆ గదికి అదే చివరి పూజ. కొంచెం బాగా చేద్దామనుకున్నాను. అంతకంటే పాపం ఏమీ అనుకోలేదు. రాళ్ళన్నీ తీసి రెండు బకెట్లలో నానేశాను. గాజు పెట్టె తెరిచాను. పలక మీద దుమ్ము లేదు, రోజూ బ్రష్‌తో తుడిచేవాణ్ణి కదా. అయినా అన్నింటికీ స్నానం అయ్యి, పెద్దాయనకు కాకపోతే ఎట్లా అనిపించింది. మా వైపు రాతికి నీళ్ళు పోస్తే రాయి చెడుతుందని ఎవరికీ తోచదు. తెల్లారితే ప్రతి గుళ్ళోనూ రాతి దేవుడికి బిందెలకొద్దీ నీళ్ళు, పాలు, పెరుగు, తేనె పోస్తారు. ఒక్క దేవుడూ కరగలేదు. కాణిపాకం వినాయకుడైతే బావి నీళ్ళలోనే కూర్చున్నాడు, పైగా పెరుగుతున్నాడంటారు. పలకను మెల్లగా బకెట్లోకి దించి, బంతిపూలకూ గుమ్మడికాయకూ గేటు బయటికి పోయాను.

అరగంటలో వచ్చాను. గ్రానైటు ముక్కలు మెరుస్తున్నాయి. నల్ల పలక ఉన్నచోట చెయ్యి పెడితే మెత్తగా తగిలింది. తీయబోతే పొర ఊడింది. దాని కింద ఇంకో పొర. పరోటా చింపినట్టు పొరలు పొరలుగా విడిపోయి, నా వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. నీళ్ళు నల్లగా అయ్యాయి. కప్ప ఎక్కడుందో తెలియలేదు. భుజం మీది టవలు తీసి ఇంకో బకెట్ మీద పరిచి నీళ్ళన్నీ వడగట్టాను. అడుగున నల్లటి రేకులు కొన్ని మిగిలాయి, వాటిలో ఒకటి రెండు మీద గోధుమరంగు గీతలు, బియ్యపు నూకలాంటి ఎముక ముక్కలు నాలుగు. పేపరు మీద ఆరబెట్టాను. తొందరగా ఆరుతాయని ఫ్యాన్ వేశాను. తెలివితక్కువ పని ఒకటి చేసి ఆగిపోవడం నాకు అలవాటు లేదు. సన్నటి రేకులు లేచి బీరువాల కిందికి పోయాయి. మోకాళ్ళ మీద పాకి ఏరుకున్నాను.

అప్పటికి ఆఫీసు వాళ్ళు హారతికి వచ్చేశారు. "ఏమప్పా, నీ కప్పకు బొట్టు పెట్టలేదే?" అని గుమాస్తా అడిగాడు. ఖాళీ పెట్టె మీద అప్పటికే పేపరు కప్పి ఉంచాను, అంచున కనబడే గాజు మీద బొట్టు పెట్టాను. గుమ్మడికాయ కొట్టాను.

సాయంత్రం నా భార్య బస్సు దిగి వచ్చింది. గడప దగ్గర చెప్పులు విప్పుతుంటే చెప్పాను.

"కప్పను కడిగినా మే."

"యా కప్పను?"

"కాలేజీలో సార్ కప్పను."

"కడిగితే?"

"పోయింది."

ఆమె ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో పట్టుకుని ఆగింది. "నీళ్ళల్లో ఉండేది గదా కప్ప. నీళ్ళు పోస్తే పోతాదా?"

"ఆరు కోట్ల ఏండ్లు పస్తుండాది మే. ఒకేసారి తాగేసరికి..."

"ఎగతాళి ఆపయ్యా. సార్‌కి చెప్పినావా?"

"ఫోన్లో చెప్పే మాటనా ఇది?"

"అయితే ఆయప్ప వచ్చినాక ఎదురుగా నిలబడి చెప్పు. నవ్వించద్దు. నువ్వు నవ్విస్తే ఆయప్పకు తిట్టే వీలు గూడా ఉండదు." రెండో చెప్పు విడిచి, గోడకు ఆనుకుని నేల మీదే కూర్చుంది. కాళ్ళు వాచి ఉన్నాయి. కాసేపటికి కళ్ళు మూసుకునే అడిగింది, "అతికిస్తే అతకదా?"

అతకదు. బంక సీసా కొని ఆ సెలవుల్లో నేను ప్రయత్నించాను కూడా. ఒక రేకు మీద ఎముక గీత వేలి ముద్రకే చెరిగిపోయింది. దాంతో మిగిలినవి ముట్టుకోలేదు. పండగ రోజు సార్ ఫోన్ చేశారు. "పూజ బాగా జరిగినాదాప్పా?" "జరిగినాది సార్" అన్నాను. ఇంకేమీ అడగకుండా పెట్టేశారు. నాకు మొత్తం జీవితంలో ఒక్క జోకూ తోచని ఫోను అదొక్కటే.

సెలవులయ్యాక సార్ తొమ్మిది గంటలకే వచ్చారు. చేతిలో కొత్త ఫైలు. నేను బల్ల పక్కన నిలబడి ఉన్నాను, టవలు మూట ముందు పెట్టుకుని. ఆయన గాజు మీద బొట్టు చూసి, పేపరు ఎత్తి చూశారు.

"యాడికి పోయిందప్పా?"

"కడిగినా సార్. పూజకు. రాయే గదా అని నీళ్ళల్లో పెట్టినా." మూట విప్పాను. "ఇంతే మిగిలినాది."

ఆయన అద్దాలు తీసి, పంచె కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని వంగారు. ఒక రేకును వేలితో తాకారు. వేలికి నల్లటి పొడి అంటింది. దాన్ని చాలాసేపు చూశారు.

"దేంతో కడిగినావు?"

"ఉత్త నీళ్ళే సార్. సబ్బు ఏయలే."

"సబ్బు ఏయలే" అన్నారు ఆయన, అదేదో నా తరఫున రాసుకోవలసిన మంచిమాట అయినట్టు. కుర్చీలో కూర్చున్నారు. నీళ్ళడిగితే తెచ్చాను. గ్లాసు పట్టుకుని తాగకుండా ఉండిపోయారు. తిడతారని నేను నిలబడే ఉన్నాను. తిట్టలేదు.

"బంకమట్టితో అయిన రాయి నీళ్ళు తాగితే ఏమైతాదో ముప్పై ఏండ్లుగా క్లాసులో చెప్తా ఉండా. నీకు చెప్పినానేమో అనుకున్నా. నువ్వు బయట స్టూలు మీద ఉంటావు గదా."

"తప్పు నాదే సార్."

"నీదే" అన్నారు. ఆ ఒక్క మాట. తర్వాత నీళ్ళు తాగారు.

మధ్యాహ్నం దాకా గదిలోంచి బయటికి రాలేదు. నేను టీ పెట్టి వస్తే అది అట్లాగే చల్లారింది. రెండు గంటలప్పుడు పిలిచారు. బల్ల మీద పాత ఫోటో ఒకటి, పచ్చబడిన నోటు పుస్తకం ఒకటి పెట్టుకుని ఉన్నారు.

"కూర్చో."

ఆ గదిలో పద్దెనిమిదేళ్ళలో సార్ ఎదురుగా కుర్చీలో నేను కూర్చోవడం అదే మొదలు. అంచు మీద కూర్చున్నాను.

"కొలతలు నా దగ్గర ఉండాయి. ఫోటో ఉండాది. ఈ ముక్కలు ఉండాయి. రాయి లేకపోయినా, నడుము ఎముక ఒకటి గట్టిగా చెప్పగలిగితే ఎవరన్నా ఇంటారేమో. ఫోటోలో సరిగ్గా ఆడనే వెలుతురు పడి తెల్లగా అయిపోయినాది. నాకు ఈ ఐదారేండ్లు కండ్లు లేవు. నువ్వు రోజూ సూసినావు. నేను అడుగుతా, నువ్వు చెప్పు. నిదానంగా."

తలతో మొదలుపెట్టారు. ఎడమ కంటి గుంట పక్కన ఒక గీత ఉండేదని, అది ఎముక కాదు రాతి పగులని ఆయనే ఒకసారి నాకు చెప్పారని చెప్పాను. ఆయన పుస్తకంలో చూసి తలూపారు. పై దవడ ఎక్కడ ఆగేదో, ముంజేతులు ఏ వాలులో ఉండేవో, చేతికి నాలుగు వేళ్ళలో ఏది మడిచి ఉండేదో అడిగారు. నేను కళ్ళు మూసుకుంటే అంతా కనబడింది. ఇంట్లో నా భార్య చేతి వేళ్ళు చెప్పమన్నా ఇంత బాగా చెప్పలేను. సార్ పెన్సిల్ వేగం అందుకుంది. మధ్యలో ఒకసారి, "పర్వాలేదప్పా, నువ్వు క్లాసులో కూర్చోని ఉండాల్సింది" అన్నారు.

"ఇప్పుడు నడుము. కుడి పక్క ఎముక. కొసన ఎట్ల ఉండె?"

ఆయనకేం కావాలో నాకు తెలుసు. విచ్చుకుని ఉండె సార్, గొడ్డలి మాదిరి. ఇంతే చెప్పాలి. కాదనడానికి లోకంలో రాయి లేదు, దగ్గర్నుంచి చూసినవాళ్ళు మేమిద్దరమే, అందులో ఒకరికి కళ్ళలో పొర. పిల్లలకు నోటికొచ్చింది చెబుతూ పద్దెనిమిదేళ్ళు గడిపినవాణ్ణి, ఇదొక్కటీ కష్టమా? నా చేతుల మీదుగా పోయినదాన్ని నా నోటితో తిరిగి ఇచ్చేయొచ్చు. పెన్సిల్ కాగితం మీద ఆగి ఎదురుచూస్తోంది.

"విచ్చుకున్నట్టు కనబడేది సార్" అన్నాను.

ఆయన ముఖం తేలికపడింది. పెన్సిల్ కదిలింది. నేను ఆగలేకపోయాను.

"గానీ ఆడ బ్రష్ తగులుకునేది."

"యాడ?"

"ఆ కొసన. మిగతా ఎముకల మీద నున్నగా జారిపోయేది. వేళ్ళ కొసల మీద గూడా. ఆడ మాత్రం పట్టుకునేది. ఒకసారి బ్రష్ వెంట్రుక ఊడి ఇరుక్కుంటే పట్టకారుతో తీసినా."

"పట్టుకునేదంటే ఎట్ల?"

"గాజు పగిలిన అంచుకు గుడ్డ పట్టుకున్నట్టు సార్."

సార్ పెన్సిల్ కింద పెట్టారు. "విరిగిన ఎముక."

"నాకు తెలీదు సార్. తగులుకునేదని మాత్రం తెలుసు."

"మరి విచ్చుకున్నట్టు కనబడిందే?"

"పక్కన మట్టి గూడా అదే రంగులో ఉండె. ఎడంగా సూస్తే అంతా ఒకే ఎముక మాదిరి ఉండె. దగ్గర సూస్తే మధ్యలో సన్నంగా ఒక సందు."

ఆయన ఫోటో ఎత్తి, ఆ తెల్లటి మచ్చను కిటికీ వైపు తిప్పి చూశారు. దాంట్లో ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.

"ఈ మాట ఎప్పుడన్నా చెప్పినావా నాకు?"

"లేదు సార్. ఇది చెప్పాల్సినంత మాటని నాకు తెలీదు."

"ఎడమ పక్కది?"

"అది లోపలే ఉండె గదా సార్. ఎవరూ సూడలే."

ఆయన అద్దాలు తీసి కళ్ళు నొక్కుకున్నారు. రిటైర్మెంటుకు పదిరోజులున్న మనిషి అప్పుడే రిటైరైనట్టు కనబడ్డారు. ఇంకేదో చెప్పి ఉండాల్సిందని, చెప్పకుండా ఉండాల్సిందని, రెండూ ఒకేసారి అనిపించాయి. ఒక జోకు కోసం వెతికాను. దొరికినా వేసేవాణ్ణి కాదు.

చివరికి ఆయన పెన్సిల్ తీసుకుని ఇంగ్లీషులో ఒక వాక్యం రాశారు. ఏం రాశారని అడిగితే తెలుగులో చెప్పారు. నడుము ఎముక కొస విరిగి ఉన్నట్టు తెలుస్తోంది, దాని ఆకారం చెప్పడానికి లేదు. ఆ తర్వాత పుస్తకం మొదటి పేజీకి తిప్పారు. పైన సన్నటి అక్షరాలతో ఏదో పేరు రాసి ఉంది. రబ్బరుతో దాన్ని నిదానంగా చెరిపారు. ఆ పొడిని ఊదలేదు, అరచేత్తో బల్ల అంచు దాకా నెట్టి కింద పోశారు.

"తెలిసిన రకంలోనే ఒకటని రాస్తా. ఇది యాడా అచ్చు కాదు. ఉన్నింది ఉన్నట్టు రాసి, ఆఫీసులో ఇచ్చి పోతా."

"సార్, నేను..."

"నువ్వు సరిగ్గానే చెప్పినావు. ఇంక కాళ్ళు చెప్పప్పా. కుడి కాలు నుంచి."

నేను కుర్చీలో కొంచెం వెనక్కి జరిగి కూర్చున్నాను. కుడి తొడ ఎముక పైకి తిరిగి ఉండేది, మోకాలి దగ్గర చిన్న నెర్రె ఉండేది, ఐదు వేళ్ళలో నాలుగోది అన్నింటికంటే పొడవు. చెప్పుకుంటూ పోయాను. ఆయన రాసుకుంటూ పోయారు.